ఆఖరి ప్రశ్న కింద రెండు వాక్యాలు

నేను రాసిన మెసేజీల్లో ఎంతమంది ఊపిరితిత్తులు పాడయ్యాయో నాకే లెక్క తెలియదు. తిరుపతిలో ఒక యూనివర్సిటీలో కాంట్రాక్టు మీద ప్రాజెక్టు అసిస్టెంటుగా పనిచేసిన ఏడాది మాట ఇది. ప్రాజెక్టు పేరు రాయాలంటే ఒక వరుస చాలదు గానీ పని మాత్రం చిన్నదే. వేప్ పీలిస్తే ఒంటికి ఏమవుతుందో చెబుతూ విద్యార్థుల ఫోన్లకు రోజుకొక మెసేజ్ పంపాలి. మూడు నెలలు పంపాక, పీల్చేవాళ్ళు తగ్గించారా, పీల్చనివాళ్ళు అటువైపు పోకుండా ఉన్నారా అని అడిగి రాసుకోవాలి. ఆ మెసేజీలు తెలుగులో రాసేది నేను.

వేప్ అంటే తెలియనివాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి చెబుతాను. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది. నోట్లో పెట్టుకుని పీలిస్తే లోపల ఉన్న ద్రవం వేడెక్కి ఆవిరి వస్తుంది, ఆ ఆవిరితో పాటు నికోటిన్ లోపలికి పోతుంది. మన దగ్గర అమ్మడం నిషేధం. నిషేధమే గానీ, చెన్నై నుంచి, బెంగళూరు నుంచి వచ్చే పిల్లల బ్యాగుల్లో హాయిగా దిగుతుంది. సిగరెట్టు కాలిస్తే వార్డెన్ ముక్కు పట్టేస్తుంది, దీన్ని పీలిస్తే గదిలో మామిడిపండు కోసినట్టు ఉంటుంది. చిత్తూరు జిల్లాలో పుట్టి మామిడిపండు వాసనను దొంగతనంగా పీల్చుకోవాల్సిన ఖర్మ ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు.

ప్రాజెక్టు నడిపే మేడమ్ మంచి మనిషే. కానీ ప్రతి మాటనూ కొలిచి వేసేది. నేను "ఊపిరి ఆగిపోతుంది" అని రాస్తే కొట్టేసి "ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం ఉంది" అని రాయించేది. భయం కలగాలట, కానీ బెదరగొట్టకూడదట. ఈ రెంటికీ తేడా ఏమిటి మేడమ్ అని అడిగితే ఇంగ్లీషులో ఏదో పేజీ తెరిచి చూపించేది. ఒంటిమీద జెర్రి పాకితే అది భయమా బెదురా అని ఎవరైనా ఆలోచిస్తారా? ఆ మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోయేది. కాంట్రాక్టు ఉద్యోగం చేసేవాళ్ళకు నోరు కొంచెం చిన్నదిగా ఉండాలి.

మొదట రాసిన మెసేజీలు క్యాంటీన్లో నలుగురు పిల్లలకు చూపించాను. రేడియోలో వ్యవసాయ సూచనలు చెప్పినట్టు ఉండాదక్కా అన్నారు. నాకు చుర్రుమంది గానీ వాళ్ళన్నది నిజమే. మళ్ళీ కూర్చుని రాశాను. మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోందా, వయసేం మీద పడలేదే అని ఒకటి. పుదీనా వాసన నోటికి, మంట గుండెలకు అని ఒకటి. ఒక్కొక్కటి చదివి ఎంత భయం వేసిందో ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయమంటే, పిల్లలు టీ తాగుతూ ఐదు వేసి, కప్పు పడేసి వెళ్ళిపోయేవాళ్ళు. ఐదు వేసిన చేతుల్లో ఎన్ని మళ్ళీ వేప్ కోసం జేబులోకి పోతున్నాయో చూస్తూనే ఉండేదాన్ని. కొన్నాళ్ళకు నాకు కూడా ఆ వాక్యాలు చదివితే ఏమీ అనిపించడం మానేసింది. ఊపిరితిత్తి అన్నా ఒకటే, టమోటా అన్నా ఒకటే.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. అందరికీ మెసేజీలు పంపేస్తే, మారినవాళ్ళు వాటివల్లే మారారని ఎట్లా తెలుస్తుంది? అందుకని ఫారం నింపినవాళ్ళను చీటీలు తీసి రెండు సగాలు చేయాలి. ఒక సగానికి వేప్ గురించి పోతుంది. రెండో సగానికి అదే వేళకు వేరే మంచి మాటలు పోతాయి, నీళ్ళు తాగండి, హెల్మెట్ పెట్టుకోండి, కంటినిండా నిద్రపోండి అని. ఆ రెండో సగాన్ని మేం ఆఫీసులో నీళ్ళ సగం అనేవాళ్ళం. ఎవరికి ఏది పోతోందో ఇంకొకరికి చెప్పకూడదు. మూడు నెలలు అయ్యేదాకా వాళ్ళలో ఎవరితోనూ వేప్ మాట ఎత్తకూడదు. ఎత్తితే లెక్క చెడిపోతుంది. అంతా అయ్యాక నీళ్ళ సగానికి కూడా ఆ మెసేజీలు పంపుతాం కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదని మేడమ్ చెప్పేది.

ఫారాలు చాలలేదు. గడువు దగ్గరపడుతోంది, పిల్లలేమో పేరు ఉండదని ఎంత చెప్పినా అనుమానంగా చూసి తప్పుకుంటున్నారు. ఇట్లాంటప్పుడు మావైపు ఏం చేస్తామో నేనూ అదే చేశాను. మీటింగుకు జనం తక్కువైతే కుర్చీలు నింపడానికి తమ్ముణ్ణో మరిదినో పిలుచుకొస్తాం. శిక్షణ తరగతికి సంతకాలు చాలకపోతే చిన్నాయన కూతుళ్ళ చేత పెట్టిస్తాం. దాన్ని తప్పని ఎవరూ అనుకోరు, ఆపద్ధర్మం అనుకుంటారు. నా తమ్ముడు అదే యూనివర్సిటీలో పీజీ చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. వాణ్ణి పిలిచి ఒక కట్ట ఫారాలు చేతిలో పెట్టి, నీ స్నేహితుల చేత నింపించు, నువ్వూ ఒకటి నింపు, వేప్ పీల్చనని రాస్తే సరిపోతుంది అన్నాను. ఇవన్నీ చదివి కంప్యూటర్లో ఎక్కించేది నేనొక్కదాన్నేనని, కళ్ళు పోతున్నాయని కూడా ఏడ్చుకున్నాను. వాడు నవ్వి కట్ట తీసుకుని వెళ్ళాడు.

వాడు ఎస్సై ఉద్యోగానికి తయారవుతున్నాడు. మొదటి పరీక్ష పాసయ్యాడు. ఇంక ఈవెంట్స్ ఉన్నాయి, అంటే పరుగు, దూకడం. పదహారు వందల మీటర్లు చెప్పిన టైముకు పరిగెత్తాలి. దానికోసం రోజూ తెల్లవారగానే అలిపిరి పోయి మెట్లెక్కి దిగేవాడు. భక్తులు ఒక్కొక్క మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ పోతుంటే వీళ్ళు పక్కనుంచి గుంపుగా పరిగెత్తుతారు. పూతలపట్టు దగ్గర మా ఊళ్ళో మా నాయన అప్పటికే వాణ్ణి ఎస్సై కిందే లెక్కేసుకున్నాడు. పాలకేంద్రం దగ్గర ఎవరైనా గట్టిగా మాట్లాడితే, మావాడు రానీ చెబుతాను అనేవాడట. మా ఇంట్లో చొక్కా ఇస్త్రీ చేసుకుని పోయే ఉద్యోగం ఎవరికీ లేదు. నాదీ ఏ ఏటికా ఏడు పొడిగించే పనే. ఆ పరుగు మా ఇంటిల్లిపాదికీ ముఖ్యమని చెప్పడానికి ఇదంతా చెబుతున్నాను.

మూడో రోజు ఆ కట్ట నా టేబుల్ మీదికి వచ్చింది. ఫారాల మీద పేర్లు లేవు, వరస నంబర్లే; ఫోన్ నంబర్లు విడిగా తీసుకున్నాం. అయినా ఒక ఫారం తిప్పగానే చెయ్యి ఆగింది. ఆ అక్షరాలు నేను దిద్దించినవే. మా అమ్మ పొద్దున్నే ఆవుల దగ్గరికి పోతే, వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని పలక మీద బలపం పట్టించింది నేను. వాడి అక్షరం వెయ్యి అక్షరాల్లో కలిపేసినా ఏరగలను. పీలుస్తారా అన్నచోట రోజూ అని టిక్కు. ఎన్నాళ్ళుగా అన్నచోట ఏడాదిన్నర. ఇంట్లో తెలుసా అంటే తెలియదు. చిట్టచివర, ఇంకేమైనా చెప్పాలనుకుంటే రాయండి అని ఖాళీ గీతలు ఇచ్చి ఉంటాం. చాలామంది వదిలేస్తారు, కొంతమంది మెస్సులో సాంబారు బాగాలేదని రాస్తారు. వాడు రెండు వాక్యాలు రాశాడు. మానాలని ఉండాది. మానలేకున్నాను.

ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నాను. మళ్ళీ టేబుల్ మీద పెట్టేశాను. ఇంట్లోవాళ్ళకు తెలియనివ్వం అని ఆ ఫారం మీద అచ్చు వేయించింది నేనే. ఫారం నింపినవాళ్ళతో మూడు నెలలు ఈ మాట ఎత్తకూడదని సంతకం పెట్టిందీ నేనే. ఇవి పైకి చెప్పుకోవడానికి. అసలు సంగతి చెప్పాలంటే నాకు ఒళ్ళు మండిపోయింది. వీడికోసం నాయన పాలకేంద్రం దగ్గర గొప్పలు చెప్పుకుంటున్నాడు, నేను ముప్పై రెండేళ్ళు వచ్చినా నా సంగతి పక్కన పెట్టుకుని కూర్చున్నాను, వీడు మామిడిపండు వాసన పీల్చుకుంటున్నాడు. ఇంకోటి కూడా ఉంది. ఫోన్ చేస్తే ఏమని మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. లోకానికంతా మెసేజీలు రాస్తున్న దాన్ని, తమ్ముడితో ఒక్క మాట ఎట్లా అనాలో తెలియక రూలు చాటున దాక్కున్నాను. ఫారం మొత్తం కంప్యూటర్లో ఎక్కించాను. ఆ రెండు వాక్యాలు కూడా ఎక్కించాను.

మేడమ్ మరుసటి రోజు ఆ షీటు చదువుతూ అక్కడ ఆగింది. ఎంత బాగా చెప్పాడో చూడండి, రిపోర్టు మొదటి పేజీలో వేద్దాం అంది. సరే మేడమ్ అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది.

చీటీలు తీసిన రోజు ఒక ఆశ మిగిలింది. వాడి నంబరు వేప్ సగంలో పడితే, నేను నోరు తెరవకుండానే నా మాట వాడికి చేరుతుంది. అటెండరు స్టీలు డబ్బాలో చెయ్యి పెట్టి ఒక్కో చీటీ తీసి నంబరు చదువుతున్నాడు, నేను రాస్తున్నాను. వాడి నంబరు నీళ్ళ సగంలో పడింది. ఆ చీటీ నా చేతికే వచ్చింది, మేడమ్ అప్పుడు ఫోన్లో ఉంది. పక్క కాగితంలో రాసేసినా అడిగేవాళ్ళు లేరు. ఎక్కడ పడిందో అక్కడే రాశాను. నిజాయితీ అని ఎవరూ మెచ్చుకోవద్దు. ఆ వేళ నాలో ఏదీ కదలలేదు, అంతే.

తర్వాత మూడు నెలలు, ఆఖరి వారం తప్ప, పొద్దున ఎనిమిదింటికి రెండు మెసేజీలు పంపేదాన్ని, ఈ సగానికి ఒకటి, ఆ సగానికి ఒకటి. ఆదివారాలు తమ్ముడు నా గదికి భోజనానికి వచ్చేవాడు. సంగటి చేసి, చెనక్కాయల ఊరిబిండి నూరి పెట్టేదాన్ని. మధ్యలో దగ్గేవాడు. ఎండలో తిరగొద్దురా అనేదాన్ని, అబద్ధమని తెలిసి కూడా. తినడం అయ్యాక వాడు వెంటనే లేచేవాడు కాదు. గోడకు ఆనుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని అట్లా కూర్చునేవాడు. ఒకసారి, "అక్కా, నీ ఆఫీసులో పని ఎట్లుండాది?" అని అడిగాడు. ఏదో ఉంది లేరా అని లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టాను. కొళాయి కొంచెం పెద్దగానే తిప్పాను. కాసేపటికి చెప్పులు వేసుకున్న చప్పుడు వినిపించింది. అట్లా ఎన్ని ఆదివారాలు పోయాయో.

ఈవెంట్స్ ఇంకా అయిదు వారాలు ఉన్నాయనగా ఒక పొద్దున, నేను మెసేజీలు పంపి టిఫిన్ తింటుంటే, వాడితో పాటు పరిగెత్తే పిల్లవాడు ఫోన్ చేశాడు. మెట్లెక్కుతూ ఎడమ పక్క రొమ్ము పట్టుకుని కూర్చుండిపోయాడట, ఊపిరి తీసుకోలేకున్నాడట, ఆటోలో ఆసుపత్రికి తెచ్చామన్నాడు. నేను తింటున్న ఇడ్లీ పూర్తిచేశాను. ఇప్పటికీ ఆ ఇడ్లీ గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం. పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, తాళం వేసి బయల్దేరాను.

ఊపిరితిత్తికి ఎక్కడో చిన్న చిల్లు పడి, గాలి బయటికి వచ్చి, రొమ్ము గోడకూ దానికీ మధ్య చేరిందని, ఆ గాలి ఒత్తిడికి ఊపిరితిత్తి ముడుచుకుపోయిందని డాక్టరు చెప్పాడు. పక్కటెముకల మధ్యనుంచి గొట్టం పెట్టి గాలి తీయాలన్నాడు. నేను నాలుగు నెలలుగా ఇట్లాంటివే రాస్తున్నాను కాబట్టి ఆయన చెప్పిన ప్రతి మాటా అర్థమైంది. వేరేవాళ్ళ రిపోర్టు విన్నట్టే విన్నాను. సిగరెట్టు అలవాటు ఉందా అని డాక్టరు తమ్ముణ్ణి అడిగాడు. వాడు లేదని తల ఊపాడు. వేప్ ఉందా అని అడిగాడు. వాడు పైకప్పు వైపు చూశాడు.

"రోజూ పీలుస్తాడు సార్. ఏడాదిన్నర నుంచి" అన్నాను.

తమ్ముడు మెల్లగా తల తిప్పి నా వైపు చూశాడు. అంత నొప్పిలోనూ ఆ చూపు నా మీదనుంచి తీయలేదు. నర్సు వచ్చి మంచం తోసుకుపోయేదాకా అట్లాగే చూశాడు.

దానివల్లే అయిందా సార్ అని డాక్టర్ని బయట అడిగాను. అయ్యుండొచ్చు, కాకపోనూ వచ్చు అన్నాడు. పొడుగ్గా సన్నగా ఉండే మగపిల్లలకు ఏ అలవాటూ లేకపోయినా ఒక్కోసారి ఇట్లా అవుతుందట. ఇదే కారణమని కాగితం మీద నేను రాయలేనమ్మా, కానీ ఇంక దాన్ని ముట్టుకుంటే మాత్రం మళ్ళీ ఇక్కడికే వస్తాడు అన్నాడు. పరుగు సంగతి అడిగాను. ఇప్పట్లో ఆ మాటే తలపెట్టొద్దన్నాడు.

నాయన పూతలపట్టులో బస్సెక్కి మధ్యాహ్నానికి దిగాడు. చంకలో తువ్వాలు మూట, అందులో వాడికని తెచ్చిన జామకాయలు. గొట్టం చూసి మంచం పట్టె పట్టుకుని నిలబడిపోయాడు. పోలీసు పరీక్ష ఈసారికి లేదని నేనే చెప్పాను. బిడ్డ దక్కినాడు, అది సాలు అన్నాడు. కాసేపటికి గేటు బయటికి పోయి బీడీ ముట్టించుకున్నాడు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. ఇంకో రోజైతే ఆయనకు కూడా ఒక మెసేజ్ వినిపించేదాన్ని. ఆ రోజు నాకు ఎవరి మీదా ఓపిక లేదు, కోపానికి కూడా.

సాయంత్రం మేడమ్ ఫోన్ చేసింది. పాపం అని రెండు మూడుసార్లు అంది, నిజంగానే బాధపడింది. సెలవు ఎన్ని రోజులు కావాలన్నా తీసుకోమంది. తర్వాత, మన ఫారం నింపాడా, ఏ సగంలో ఉన్నాడు అని అడిగింది. నీళ్ళ సగం మేడమ్ అన్నాను. అయితే మన మెసేజీల లోపం కాదు లెండి అంది. కాదు మేడమ్ అని నేనూ అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ వరండాలో నిలబడి, నాకు ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. రాకపోయేసరికి భయం వేసింది. ఐదుకు ఐదు వేసేంత భయం.

గొట్టం తీసేసిన రోజు నాయన ఊరికి పోయాడు, పాలు పితికే మనిషి లేదని. గదిలో నేనూ తమ్ముడే మిగిలాం. వాడికి జావ తాగించి, గ్లాసు కడిగి తెచ్చి, దిండు సరిచేశాను. చేయడానికి ఇంక ఏ పనీ మిగల్లేదు. కొళాయి కూడా దూరంగా ఉంది.

ఎప్పట్నుంచి తెలుసు అని వాడే అడిగాడు. ఫారం చూసిన రోజు నుంచి అన్నాను. పేరు లేకపోయినా రాత చూసి పట్టుకున్నానని, అట్లా పట్టుకోకూడదని, పట్టుకున్నా చెప్పకూడదని ఉందని, ఆ రూలు ఏమిటో, చీటీలు ఎట్లా తీశారో, వాడి చీటీ నా చేతికి వచ్చినప్పుడు నేనేం చేశానో అంతా చెప్పాను. రహస్యంగా రాసుకున్నది నేను చదివేశానని వాడికి కోపం వస్తుందనుకున్నాను. దానికి క్షమించమని అడగబోయాను కూడా.

"నువ్వు సదవతావనే రాసినానక్కా" అన్నాడు.

అప్పుడే కడిగి పెట్టిన గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

"నోటితో సెప్పలేక రాసినాను. నా రాత నీకు తెలవకుండా పోతాదా? ఫారం ఇచ్చినప్పట్నుంచి నువ్వు ఫోన్ జేస్తావని సూస్తా ఉన్నాను. ఆదివారం వచ్చి కూడా సూసినాను. తిడతావు, కొడతావు, ఏదో ఒకటి జేస్తావు అనుకుంటి." ఊపిరి అందక ఆగాడు. నేను వీపు మీద చెయ్యి వేశాను. చొక్కా లోపల కట్టు తగిలింది.

"వారం దినాలకు నీ కాడనుంచి మొదటి మెసేజ్ వచ్చింది. దాండ్లో ఉంటాదేమో అని గబగబా తెరిసినానక్కా. నీళ్ళు బాగా తాగమని ఉండాది."